ముచ్చుకోట కొండమీద జరీ

తాడిపత్రి వెనకబడింది.
పాలిష్ ఫ్యాక్టరీల తెల్లబూడిద వదిలేసి
కొండమొదట్లో మొదటి నాపరాయి మీద
దాని డెక్క మోగింది,
తలుపు తట్టాలా వద్దా అని తడబడే చుట్టంలా.

"దీని పేరు జరీ," అన్నాడు కుళ్లాయప్ప,
ఆర్పిన బీడీ చెవిమీద పెట్టుకొని జీనుపట్టీ బిగిస్తూ.
"తెల్లగుండేది. ఇప్పుడు కొండదుమ్ము రంగుకొచ్చినాది.
పద్నాలుగేండ్లు ఊరేగింపులకు తోలినా.
ఇప్పుడు పెండ్లికొడుకులు
కారు పైకప్పు తెరిచి నిలబడతాండారు.
దీనికి పని ల్యా.
కొండ సూపిస్తా రాండని బస్టాండు గోడకు నెంబరు రాయించినా."
ఈ నెలలో ఆ నెంబరుకు ఫోన్ చేసింది
నేనొక్కదాన్నేనంట.

నేను మండలం సర్వేయర్ని.
ఈ కొండ నాకు కొత్త కాదు.
గాలిమరల కంపెనీ లీజుకని రెండేళ్ల కింద
జీపులో వచ్చి, జీపులోనే పోయి,
హద్దురాళ్లకు సున్నం కొట్టించి
దీన్ని ఏడు గీతల్లో కాగితానికి ఎక్కించాను.
ఏ గీతా చెప్పలేదు
బలుసుకంప వాసన నేలమీద ఒకటి,
గుర్రమెక్కితే ఇంకొకటి అని.
ఎక్కుడులో మెడమీదికి వంగితే
దాని ఊపిరి నా పొట్టలోంచి వస్తున్నట్టుంటుందని.

దోవంటే దోవ కాదు,
మేకలు తొక్కిన సన్నటి గీర.
రెండు పక్కలా బోదగడ్డి.
నడుమ రాయి పొరలు పొరలుగా లేచి
తడిసిన లెక్కల పుస్తకాన్ని
ఎవరో ఎండకు ఆరబెట్టినట్టు.
జరీ ఒక్కో పేజీనీ వాసన చూసి
కాలు పెట్టింది.
నేను లోయను చూసి బిగుసుకున్నాను.

"లోయను సూడొద్దు మేడమ్. గుర్రాన్నీ సూడొద్దు.
దాని రెండు చెవుల నడుమ సూడండి.
అంతే లోకం."

చెవుల నడుమ
ఒక కలేచెట్టు.
అది దాటితే కౌజుపిట్ట ఉలికిపాటు.
అది దాటితే దూరంగా
నీళ్లు పారక ఇసుకే పారుతున్న పెన్న.
ఉన్నట్టుండి గాలిమర రెక్క,
నా లీజు కాగితంలోంచి లేచొచ్చి
నీడతో మా ఇద్దర్నీ కోసుకుంటూ పోయింది.
జరీ ఖాతరు చేయలేదు.

కనుమ తలకెక్కేసరికి పొద్దు బారెడెక్కింది.
అప్పుడు వినబడింది.
కింద పల్లెలో, పీర్ల పండక్కి ఇంకా వారముండగానే
కుర్రాళ్లు పలకలు మంటకు కాపి
చెయ్యి సరిచూసుకుంటున్న దెబ్బ.
డం. డండం. డం.

చెవులు రెండూ అటు తిరిగాయి,
వాటితోపాటు నా లోకం.
కుడికాలు లేచింది, గాల్లో ఒక్క క్షణం ఆగింది,
పడింది.
ఎడమది లేచింది.
మూడు బారల దూరంలో అంచు.
అంచు కింద నూట పదడుగులు, నేనే కొలిచాను.
ముసలిది ఆడుతోంది.
బ్యాండు లేదు, బల్బుల గొడుగు లేదు,
పదినోట్లు దిష్టి తిప్పి విసిరే బావమరిది లేడు.
పిడికిళ్లు తెల్లబడేలా కళ్లెం లాగాను.

"లాగొద్దు!"
పరుగున వస్తున్న కుళ్లాయప్ప ఉన్నచోటే నిలబడిపోయాడు.
"లాగితే ఎనక్కి పోతాది. వదులమ్మా.
అంచు నాకన్నా దానికే ఎరుక.
మున్నూరు మంది పెండ్లికొడుకుల్ని మోసినాది,
తాగినోళ్లను, ఏడ్సినోళ్లను.
ఒక్కణ్నీ కింద పడేయల్యా.
ఆడమనిషిని ఎక్కించుకునింది నిన్నే."

వదిలానని చెప్పడం సులువు.
ఒక్కో వేలే విప్పాను.
ఎన్ని ఊరేగింపుల్లోనో నేను
గుంపు చివర వక్కాకు పళ్లెం పట్టుకొని
చెప్పులు తెగకుండా నడిచినదాన్ని.

నాలుగడుగులు కుడికి. నాలుగు ఎడమకి.
ఒక చుట్టు.
లోయ నా ముందుకొచ్చింది, వెనక్కి పోయింది,
మళ్లీ ముందుకొచ్చి నిలబడింది.
నేను నవ్వానంట. కుళ్లాయప్ప తర్వాత చెప్పాడు.

కింద పలక ఆగింది. చల్లబడి ఉంటుంది.
జరీ కూడా ఆగి, ముక్కు చీది,
ఏమీ ఎరగనట్టు గడ్డి పీకింది.

దిగేటప్పుడు ఎవరం మాట్లాడలేదు.
ఐదువందలిస్తే నూరు తిరిగిచ్చాడు.
"ఆడింది దాని సొంతానికి.
దానికి దుడ్లేంది."

సోమవారం ఆఫీసులో
కూర్చోలేక నిలబడే ఫైలు విప్పాను.
నాలుగో గీత పక్కన
సర్వే నెంబరు లేనిచోట
పెన్సిలుతో బొట్టంత సున్నా చుట్టాను.
తహసీల్దారు అడిగితే
రబ్బరుతో తుడిచేయొచ్చు.